అరవై నాలుగు కోర్లు, ఒక కుర్చీ

ఆటోనగర్‌లో ఛాయాదేవి గారి గురించి ఎవరిని అడిగినా ముందు ఆవిడ నోటి గురించే చెబుతారు. పని గురించి తర్వాత, అదీ గుర్తొస్తే. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. నేను లారీలకు రంగులు వేసేవాణ్ణి, నా పేరు మరియదాసు. జక్కయ్య గారి బాడీ బిల్డింగ్ షెడ్డులో నా బ్రష్షులూ ఆవిడ కంప్యూటరూ చాలాకాలం పక్కపక్కనే బతికాయి. అందుకని ఈ సంగతి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. లేదనేవాళ్ళు వాళ్ళకు తోచింది వాళ్ళు చెప్పుకోవచ్చు.

బాడీ బిల్డింగ్ అంటే తెలియనివారికి ఒక్క మాట. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు లారీకి ఇంజనూ, చక్రాలూ, పొడుగాటి చాసిస్సూ మాత్రమే ఉంటాయి. వెనకాల సరుకు పట్టే పెట్టెను మేం కడతాం. కోళ్ళు మోసే బండికి ఒకరకం, ఇటుకలు మోసే బండికి ఒకరకం, కొల్లేటి చేపలు మోసుకుని హౌరా పోయే బండికి ఇంకోరకం. ఒకప్పుడు ఆ పెట్టెను షెడ్డు నేల మీద సుద్దముక్కతో గీసేవాళ్ళు. బండి యజమాని పక్కన నిలబడి, ఇక్కడ ఇంకో జానెడు పెంచు, తలుపు అటు జరుపు అంటుంటే, చెరిపి మళ్ళీ గీసేవాళ్ళు.

ఛాయాదేవి గారు వచ్చాక సుద్ద పోయి కంప్యూటరు వచ్చింది. పద్ధతి మాత్రం మారలేదు. యజమాని వచ్చి ఆవిడ పక్కన కూర్చుంటాడు. టీ తాగుతూ తన బాధలన్నీ చెప్పుకుంటాడు. పాత బండిలో ఏం ఇబ్బంది పడ్డాడో, డ్రైవరు ఏమని సణిగాడో, ఏ చెక్‌పోస్టు దగ్గర తిట్లు తిన్నాడో చెబుతూ ఉంటే ఆవిడ గీస్తూ ఉంటారు. తెర మీద తలుపు ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పోతుంది. అతను చూసి, ఊహూ అంటాడు. మళ్ళీ మారుతుంది. మా దగ్గర లారీ అలాగే పుడుతుంది. ఎవరూ ఏం కావాలో కాగితం మీద రాసుకుని రారు, ఎందుకంటే కళ్ళతో చూసేదాకా ఏం కావాలో వాళ్ళకే తెలియదు.

ఆవిడది మైలవరం దగ్గర మామిడితోటల ఊరు. డిప్లొమా చదివారు. భర్త మా షెడ్ల లైన్లోనే లేతు మిషను మీద పనిచేసేవాడు, మంచివాడు, ఒకరోజు మిషను దగ్గరే గుండె పట్టుకుని కూర్చుండిపోయాడు. పదో రోజున చుట్టాలంతా చేరి ఆవిడ బొట్టు తీయించబోతే ఆవిడ వాళ్ళ మీద ఇంతెత్తున లేచారట. "ఇది మా అమ్మ నాకు ఉయ్యాల్లో పెట్టింది. పెళ్ళిలో పెట్టింది కాదు. ముట్టుకున్న చెయ్యి ముట్టుకున్నట్టే విరుస్తా" అన్నారట. చుట్టాలు చెవులు కొరుక్కుంటూ వెళ్ళిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆవిడ రూపాయి బిళ్ళంత బొట్టుతో మా షెడ్డుకు వచ్చి, డ్రాయింగులు గీసే పని తనకు ఇమ్మని జక్కయ్య గారిని అడిగారు. అడిగారంటే బతిమాలారని కాదు. ఏం గీయగలనో చెప్పి, తీసుకుంటారా లేదా అన్నారు.

జక్కయ్య గారు తీసుకున్నారు. కానీ షెడ్డు మేడ మీద కాపురం ఉండే ఆయన తల్లి రావమ్మ గారికి ఇది బొత్తిగా నచ్చలేదు. పొద్దున్నే మెట్లు దిగుతూ ఆ బొట్టు కనపడగానే మొహం పక్కకు తిప్పుకునేవారు. ఛాయాదేవి గారు పనిగట్టుకుని ఎదురెళ్ళి, "బాగున్నారా పెద్దమ్మ గారూ" అని పలకరించేవారు. నాకు ఆ పలకరింపు చూడటమంటే ఎంతో ఇష్టంగా ఉండేది.

షెడ్డులో ఉన్న పాత కంప్యూటరు ఒక ఎండాకాలంలో కరెంటు హెచ్చుతగ్గులకు మాడిపోయింది. జక్కయ్య గారు కొత్తది కొంటానంటూ నాన్చుతుంటే, విసుగొచ్చి ఆవిడే తన సొంతానికి ఒకటి కట్టించుకున్నారు. ఏ భాగం ఏదో తనే ఎంచుకున్నారు. దానిలో ఉన్నది మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసరు, ఏ ఇంజనీరింగ్ కుర్రాడి ఇంట్లోనైనా ఉండేది. ఎనిమిది కోర్లు, అంటే లోపల ఎనిమిది మంది పనివాళ్ళున్నట్టు. చిన్నదే గానీ చురుకైనది. దాన్ని షెడ్డు ముందు భాగంలో, వెలుతురు పడే చోట పెట్టుకుని కూర్చున్నారు. ఆ కుర్చీ ఆవిడది. లైన్లో అందరికీ అది ఛాయమ్మ కుర్చీయే.

అప్పుడు కిరీటి వచ్చాడు. జక్కయ్య గారి మేనల్లుడు. గన్నవరంలో అపార్టుమెంట్ల బొమ్మలు వేసే ఒక ఆఫీసులో చాలాకాలం పనిచేశాడు. ఇల్లు కట్టకముందే కట్టినట్టు, బాల్కనీలో పూలకుండీ పెట్టినట్టు ఫొటోలా చూపిస్తారే, ఆ పని. కుర్రాడు పనిమంతుడు, పొగరు లేదు, నన్ను అన్నా అనేవాడు. అతని మీద నాకు కోపం తెచ్చుకోవాలని ఎంత ప్రయత్నించినా కుదరలేదు. అదొక బాధ.

కిరీటి మేనమామకు వర్క్‌స్టేషన్ ప్రాసెసరు గురించి చెప్పాడు. పెద్ద పెద్ద స్టూడియోల్లో వాడేది, అరవై నాలుగు కోర్లు. జక్కయ్య గారికి ఆ అంకె ఒక్కటి చాలింది. ఆయన జీవితమంతా టైర్లు ఎక్కువున్న బండికే ఎక్కువ దండం పెట్టిన మనిషి. ఎనిమిదెక్కడ, అరవై నాలుగెక్కడ అంటూ లైన్లో కనపడిన ప్రతివాడికీ చెప్పుకొచ్చారు. మిషను రాకముందే ఆటోనగర్ సగానికి తెలిసిపోయింది.

వచ్చిన రోజున పెద్ద హడావుడి. మా దగ్గర బొట్టు పెట్టకుండా డ్రిల్లింగ్ మిషను కూడా ఆన్ చేయరు. కిరీటి బల్ల మీద ఒక్కో భాగం బిగిస్తుంటే రావమ్మ గారు పసుపు, కుంకుమ పట్టుకుని దిగి వచ్చారు. "దీనికి గుండెకాయ ఏదిరా?" అని మనవణ్ణి అడిగారు. అతను ప్రాసెసరు చూపించాడు, అరచేతిలో సగం ఉన్న వెండిరంగు పలక. పెద్దావిడ దాని మీద తడి పసుపు అద్ది, మధ్యలో కుంకుమ పెట్టి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత నేను నా రంగుల దగ్గరికి వెళ్ళిపోయాను, మిగిలింది చూడలేదు.

ఆ వారంలోనే కైకలూరు నుంచి ఎల్లారావు గారు వచ్చారు. చెరువుల దగ్గర చేపలు పట్టించి బెంగాల్‌కు పంపే వ్యాపారం. ఐసులో చేపలు పెట్టే బండ్లు కొత్తగా కట్టించుకోవాలని వచ్చారు, పెద్ద ఆర్డరు. ఆయన ఎదురుగానే జక్కయ్య గారు షెడ్డంతా వినేలా ప్రకటించేశారు.

"ఛాయమ్మా, ఇంక నువ్వు లోపలి గదిలో కూర్చుని బిల్లులూ గట్రా చూసుకో. ఆ ముందు కుర్చీ కిరీటికి ఇచ్చెయ్. పెద్ద మిషను వచ్చాక కూడా ఇంకా చిన్నదాని మీద గీయిస్తే ఎట్టా?"

షెడ్డులో వెల్డింగు ఆగిపోయింది. ఛాయాదేవి గారు మౌసు వదల్లేదు. "ఎందుకివ్వాలండీ?" అన్నారు.

"అది అరవై నాలుగమ్మా!"

"అయితే?"

"అయితే ఏంటి? నీదానికంటే ఎనిమిదింతలు."

"జక్కయ్య గారూ, మీ షెడ్డులో వెల్డర్లు ఎంతమంది?" అని ఆవిడ అడిగారు. "ఒక్క చాసిస్ మీద అందర్నీ ఒకేసారి ఎక్కించండి చూద్దాం. అడ్డ బీము పడితే గదా నిలువు యాంగిల్ నిలబెట్టేది? నిలువు నిలిస్తే గదా పైకప్పు వేసేది? ఒకడు బీము వేస్తుంటే మిగతావాళ్ళంతా టీ కొట్టు దగ్గర నిలబడతారు. గీయడం కూడా అంతేనండీ. ఎల్లారావు గారు తలుపు జరపమంటే, ముందు తలుపు జరగాలి, దాన్ని బట్టి యాంగిల్ జరగాలి, దాన్ని బట్టి బీము జరగాలి. ఒకదాని తర్వాత ఒకటి. అక్కడ కావాల్సింది చురుగ్గా పనిచేసే ఒక్కడు. ఆ పెద్దదాంట్లో మనుషులు ఎక్కువ, కానీ ఒక్కొక్కడు నా వాడికంటే నిదానం."

"మరి దేనికి పనికొస్తదంటావు, అంత మిషను?"

"బొమ్మకి. తయారైన లారీని ఫొటోలా చూపించే బొమ్మ. అది దాసు రంగులేసినట్టు. ఒకడు ఇటు పక్క, ఒకడు అటు పక్క, ఒకడు వెనక తలుపు, ఎవడి ముక్క వాడిది, ఎవడూ ఎవడి కోసం ఆగక్కర్లా. అక్కడ అది నన్ను తొక్కేస్తది. నేను కాదన్లేదు."

ఇంత వివరంగా చెప్పినా జక్కయ్య గారికి చివరి మాట ఒక్కటే వినపడింది. "అయితే బొమ్మే పందెం. ఎల్లారావు గారి బండి బొమ్మ రెండు మిషన్లలోనూ పెట్టండి. ఎవరిది ముందు తేలితే కుర్చీ వాళ్ళది. మాటంటే మాట." ఓడిపోయే ఆటకే ఆవిణ్ణి పిలిచారు. అది అన్యాయమని నాకు నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ నాకంటే ముందే, "పెట్టండి" అనేశారు. ఎందుకు ఒప్పుకున్నారో అప్పుడు నాకర్థం కాలేదు. తర్వాత అడిగితే, కాదంటే భయపడ్డాననుకుంటారు గదా అన్నారు. ఆవిడ అంతే.

రెండు మిషన్లలోనూ ఒకే బండి పెట్టి, ఒకేసారి మొదలుపెట్టారు. తెర మీద బొమ్మ చిన్న చిన్న గళ్ళుగా తేలుతూ వస్తుంది. మేమంతా పని మానేసి చుట్టూ చేరాం. ఛాయాదేవి గారి తెర మీద క్యాబిన్ తేలింది, చక్రాలు తేలాయి. కిరీటి తెర మీద మొదట్లో గళ్ళు ధడధడా వచ్చి, ఆ తర్వాత ఏదో జబ్బు చేసినట్టు నెమ్మదించాయి. ఫ్యాను మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. కిరీటి మొహంలో రంగు మారింది. చూస్తుండగానే ఛాయాదేవి గారి బొమ్మ పూర్తయిపోయింది, వెనక తలుపు గొళ్ళెంతో సహా. అవతలిదానికి ఇంకా సగం కూడా కాలేదు.

మేం ఈలలు వేశాం. వెల్డర్లు రేకుల మీద సుత్తులతో వాయించారు. జక్కయ్య గారు మొహం మాడ్చుకుని, "సరేనమ్మా, నీదే" అన్నారు.

ఆవిడ మాత్రం నవ్వలేదు. లేచి వెళ్ళి పెద్ద మిషను పక్కన చెయ్యి పెట్టి చూశారు. తెర మీద వేడి ఎంతుందో చూపించే చోట చూశారు. "ఇది నేను గెలవకూడదు" అన్నారు.

"మేడమ్?" అన్నాడు కిరీటి.

"బొమ్మలో నాది దీన్ని గెలవడమేంటి? ఇది వేడెక్కి, కాలిపోకుండా తనంతట తనే పని తగ్గించుకుంటోంది. ఫ్యాను సరిగా అంటుకోలా. కట్టెయ్, విప్పి చూద్దాం."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కకు లాగి, "అక్కా, మీకేవన్నా పిచ్చా? గెలిచారుగా. నోరు మూసుకుని కూర్చోరాదా?" అన్నాను. ఆవిణ్ణి నోరు మూసుకోమన్న మనిషి ఆటోనగర్‌లో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

"దాసూ, నేను అందరి ముందూ ఏం చెప్పా? బొమ్మలో అది గెలుస్తది, గీయడంలో నాది గెలుస్తది అన్నా. ఇప్పుడిట్టా గెలిచి ఊరుకుంటే మొదటి మాట అబద్ధమైపోయినట్టేగా? అది అబద్ధమైతే రెండోది ఎవడు నమ్ముతాడు? నాకీ దొంగ గెలుపు వద్దు." అని స్క్రూడ్రైవరు తీసుకున్నారు.

కిరీటి పైన బిగించిన కూలరు మెల్లగా తీశాడు. కూలరంటే ఆ ఫ్యాను కింద, ప్రాసెసరు మీద ఆనుకుని వేడిని లాగేసే లోహపు దిమ్మ. రెంటికీ మధ్య సందు లేకుండా బూడిదరంగు పేస్టు పూస్తారు. ఇక్కడ పేస్టు అంచుల్లోనే ఉంది. నట్టనడుమ పసుపు ఎండి గట్టిపడి గడ్డకట్టి ఉంది, దాని మీద కుంకుమ. రావమ్మ గారు పెట్టింది పెట్టినట్టే ఉంది. కూలరు ఆ గడ్డ మీద కూర్చుని, చుట్టూ ఎక్కడా సరిగా తగలలేదు.

"చూస్తూ చూస్తూ ఎట్టా బిగించావు నాయనా?" అన్నారు ఛాయాదేవి గారు.

కిరీటి తలొంచుకున్నాడు. "అమ్మమ్మ ఎదురుగానే ఉందండీ. బొట్టు తుడిస్తే... ఎట్టా తుడుస్తానండీ?"

నిజమే, ఎట్టా తుడుస్తాడు? నేను ఆదివారం చర్చికి వెళ్ళేవాణ్ణి, నాకు ఆ పసుపు కుంకుమలతో సంబంధం లేదు. అయినా నన్ను తుడవమన్నా నా చెయ్యి వెళ్ళేది కాదు. మా ఊళ్ళల్లో మనిషికైనా మిషనుకైనా పెట్టిన బొట్టు తుడవడమంటే ఆ ఇంటికి చెడు కోరినట్టే.

ఛాయాదేవి గారు గుడ్డముక్క, స్పిరిటు సీసా తెప్పించారు. అప్పటికే ఈలలు విని రావమ్మ గారు పూజలోంచి కుంకుమ భరిణెతో సహా లేచి మెట్ల మీదకు వచ్చి ఉన్నారు. జరుగుతున్నది చూసి కేక పెట్టారు.

"ఆగు! బొట్టు తుడవడానికి నీకు చేతులెట్టా వచ్చినయ్యే? నీ సంగతి నీకు గుర్తులేదా?"

పెద్దావిడ ఏ సంగతి అంటున్నారో అందరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఛాయాదేవి గారు గుడ్డ చేత్తో పట్టుకునే ఆవిడ వైపు తిరిగారు.

"గుర్తుంది పెద్దమ్మ గారూ. నా బొట్టు తుడవడానికి వచ్చినప్పుడు నేను తుడవనివ్వలా. ఎందుకంటే అది ఉండాల్సిన చోటే ఉంది. ఇది ఉండకూడని చోట ఉంది. మీరు మంచి కోరే పెట్టారు, కాదన్ను. కానీ దీనికి ఊపిరి ఆడట్లా. మీ మనవడి మిషను ఇట్టాగే చచ్చిపోయినా ఫర్వాలేదంటే చెప్పండి, ఇప్పుడే మూసేస్తా."

రావమ్మ గారు ఒక మెట్టు దిగి, మిషను వైపు వంగి చూశారు. ఛాయాదేవి గారు తుడిచేశారు. ఒకసారి కాదు, పలక అద్దంలా మెరిసేదాకా తుడిచారు. కొత్తగా పేస్టు పూయించి, కూలరు బిగింపజేసి, మిషను పెట్టె తలుపు మూయించారు. ఆ తర్వాత రావమ్మ గారి చేతిలోని కుంకుమ భరిణె అడిగి తీసుకుని, పెట్టెకు బయట, నుదుటి లాంటి చోట, తన చేత్తోనే బొట్టు పెట్టారు. పెద్దావిడ చూస్తూ నిలబడ్డారు. అడ్డం రాలేదు. భరిణె తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయారు.

మళ్ళీ పందెం పెట్టారు. ఈసారి చెప్పడానికేం లేదు. కిరీటి తెర మీద గళ్ళన్నీ అన్ని మూలల నుంచీ ఒక్కసారిగా నిండిపోయాయి. ఛాయాదేవి గారి దాంట్లో ఇంకా క్యాబినే పూర్తి కాలేదు. ఎల్లారావు గారు, "అబ్బో, భలే ఉందండీ" అన్నారు. జక్కయ్య గారికి పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఓడిపోయాను" అన్నారు ఛాయాదేవి గారు. గొంతు ఏమీ తగ్గలేదు. "బొమ్మలో ఓడిపోయాను. ఇంక గీయడం చూద్దాం. ఎల్లారావు గారూ, వెళ్ళి కిరీటి పక్కన కూర్చుని మీ బండి సంగతి చెప్పండి."

"పందెం బొమ్మ మీదేగా!" అన్నారు జక్కయ్య గారు.

"మీ పందెం అయిపోయిందండీ. ఇది నాది."

ఎల్లారావు గారు వెళ్ళి కూర్చున్నారు. ఆయన చెప్పడం మొదలుపెడితే ఆగే మనిషి కాదు. "ఐసు కరిగిన నీళ్ళు పోవడానికి గొట్టం ఉంటుంది చూడండీ, అది మా పాత బండికి డ్రైవరు వైపుండేదండీ. టోల్‌గేటు కిటికీ కూడా అటే గదండీ! అక్కడ బండి ఆగడం, చేపల నీళ్ళు కారడం, లోపల కూర్చున్నవాడు ముక్కు మూసుకుని మా వాళ్ళని బూతులు తిట్టడం. అందుకని గొట్టం ఎడమ పక్కకి..." కిరీటి మార్చాడు. గొట్టం మారితే లోపలి నేల వాలు మారాలి, వాలు మారితే కింది బీములన్నీ మారాలి. తెర మీద గుండ్రటి గుర్తు తిరిగింది. ఎక్కువసేపేం కాదు. తుమ్మినంతసేపు, మహా అయితే రెండు తుమ్ములంతసేపు. మారింది. "ఆఁ, ఇంకోటండీ, వాలు ఎక్కువైతే ట్రేలు జారతాయి కాబట్టి..." మళ్ళీ గుర్తు తిరిగింది. కిరీటి తప్పేం లేదు, చెయ్యి చురుగ్గానే ఉంది. కానీ తిరిగిన ప్రతిసారీ ఎల్లారావు గారి మాట ఆగేది. కాసేపటికి ఆయన ఆ ఖాళీలో ఫోను చూసుకోవడం మొదలుపెట్టారు. ఇంకాసేపటికి, "ఏదో అనుకున్నానండీ, మర్చిపోయాను" అన్నారు.

తర్వాత ఇటు వచ్చి ఛాయాదేవి గారి పక్కన కూర్చున్నారు. ఇక్కడా ఆ గుర్తు తిరిగింది, తిరగలేదని నేను అబద్ధం చెప్పను. కానీ ఆయన మాట పూర్తయ్యేలోపే బండి మారిపోయి ఎదురుచూస్తుండేది. ఆయన ఫోను జేబులోంచి తీయలేదు. చెబుతూనే ఉన్నారు. మర్చిపోయిందీ గుర్తొచ్చింది, అసలు ఎప్పుడూ అనుకోనిదీ గుర్తొచ్చింది. టీ చల్లారిపోయింది.

"నాకు ఇక్కడ కూర్చుంటేనే మాటలొస్తున్నాయండీ" అన్నారు ఎల్లారావు గారు.

ఇంక తేలిపోయిందనే అనుకున్నాం. జక్కయ్య గారు మాత్రం దిగలేదు. "మాటంటే మాట. బొమ్మ ముందు తేలినవాళ్ళదే కుర్చీ అన్నా. అంత మిషను తెచ్చి మూలన కూర్చోబెడితే లైన్లో నా మొహాన ఉమ్మరా?"

"మూలన పెట్టమన్లేదండీ. బొమ్మలన్నీ దానికే ఇవ్వండి, నేనే పంపుతా. గీసే కుర్చీ నాకు ఉంచండి."

"కుదరదమ్మా. లోపలి గది ఉందిగా."

ఆవిడ ఆయన వైపు చూశారు. నేను ఆ చూపును మర్చిపోలేను. కోపం కాదది, అంతకంటే గట్టిది. లేచి, వైర్లు ఒక్కొక్కటే పీకారు. "కుర్చీ మీదండీ. మిషను నాది" అన్నారు.

"నేను పొమ్మన్లేదు గదమ్మా!"

"పొమ్మనలేదు. జరగమన్నారు. నేను జరిగే మనిషిని కాదు, పోయే మనిషిని."

సీపీయూ తనే ఎత్తుకున్నారు. నేను మానిటరు అందుకున్నాను. జక్కయ్య గారు నా వైపు కళ్ళెర్రజేస్తే, నేనూ చేశాను. రోడ్డుకు అవతల కమాన్ కట్టల షాపుంది, లారీల కింద స్ప్రింగుల్లా పనిచేసే ఇనప పట్టీలు అమ్మేది. ఆ షాపాయన్ని అడిగి, వరండాలో ఒక బల్ల వేసుకున్నారు. కరెంటు తీగ లాగాం. వెనక్కి తిరిగి చూస్తే ఎల్లారావు గారు తన టీ గ్లాసు పట్టుకుని రోడ్డు దాటి వస్తున్నారు. "నా బండికి పక్క తలుపు ఎటో ఇంకా తేలలేదు గదండీ" అన్నారు.

ఆ తలుపు అక్కడే తేలింది. డ్రాయింగు ఆయన ఆవిడతో గీయించుకున్నారు, బండ్లు కట్టే పని మాత్రం జక్కయ్య గారికే ఇచ్చారు, ఆయనంత గట్టిగా కట్టేవాళ్ళు లైన్లో లేరు కాబట్టి. గీయడం పూర్తయ్యాక ఛాయాదేవి గారు పెన్‌డ్రైవు పట్టుకుని రోడ్డు దాటి నేరుగా కిరీటి దగ్గరికెళ్ళారు. "ఇదిగో, బొమ్మ వెయ్యి నాయనా. ఆ పని నీ మిషనుదే" అని ఇచ్చి వచ్చేశారు.

బండ్ల పని మొదలైంది. చాసిస్సులు వచ్చాయి. ఈసారి కంపెనీవాళ్ళు డీజిల్ ట్యాంకు ఎడమ పక్కకు జరిపి పెట్టారు, మన గొట్టం దిగాల్సిన చోటే. డ్రాయింగు మార్చాలి. జక్కయ్య గారు పొద్దున్నుంచీ కిరీటి పక్కన నిలబడి చెబుతూనే ఉన్నారు. ఆ గుర్తు తిరుగుతూ ఉంది. నేను తలుపుకు రంగేస్తూ వింటున్నాను. "ఆగరా... ఇందాక ఏమన్నాను? గొట్టం వంచమన్నానా, బీము కోయమన్నానా?" "మీరు ఇంకా చెప్పలేదు మావయ్యా." ఇలా రెండు మూడుసార్లయింది. ఆయన తల గోక్కున్నారు, బయటికొచ్చారు, మళ్ళీ లోపలికెళ్ళారు. ఆఖరికి పంచె సర్దుకుని రోడ్డు దాటారు. లైన్లో ఉన్న ప్రతివాడూ పని ఆపి చూశాడు. నేను బ్రష్షు పట్టుకునే వెనకాల వెళ్ళాను, నన్నెవరూ పిలవకపోయినా.

"ఛాయమ్మా, వచ్చెయ్. నీ కుర్చీ అక్కడే ఉంది" అన్నారు జక్కయ్య గారు.

ఆవిడ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "అది మీరిచ్చిందండీ, మీరే తీసుకున్నారు. ఇది నేను వేసుకుంది. పనేంటో చెప్పండి."

"డీజిల్ ట్యాంకు అడ్డొచ్చింది. గొట్టం..."

"కూర్చుని చెప్పండి. మా దగ్గర నిలబడి చెప్పే పద్ధతి లేదు."

ఆయన చుట్టూ చూశారు. వరండాలో ఉన్నది ఆవిడ కూర్చున్న కుర్చీ ఒక్కటే. కమాన్ కట్టలు మాత్రం నడుమెత్తున పేర్చి ఉన్నాయి, గ్రీజు మరకలతో. జక్కయ్య గారు తెల్లపంచె ఒకసారి చూసుకున్నారు, రోడ్డు మీద నిలబడ్డ జనాన్ని ఒకసారి చూశారు. తర్వాత ఆ ఇనుము మీద కూర్చుని, డీజిల్ ట్యాంకు దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టారు.